కంటికి పోసిన పాలు

పొట్లం విప్పకముందే ఎలీషబాకు సంగతి అర్థమైంది. అత్త ఏసమ్మ మార్కాపురం బజారుకు ఎప్పుడు పోయినా ఉప్పో, కిరసనాయిలో, ఎండు మిరపకాయలో తెచ్చేది. మల్లెపూలు ఆ ఇంటి గడప లోపలికి వచ్చింది ఎలీషబా పెళ్ళినాడు ఒక్కసారే.

"తడిక దగ్గరికేసి రా" అంది ఏసమ్మ.

"నాకొద్దత్తా."

"వద్దంటే ఎట్ల? రాయి మాదిరి గట్టిపడి ఉండాయి. జొరమొచ్చి పడితే ఎవురు చేస్తారు నీకు? రా, కూసో."

ఎలీషబా తడిక చేరేసి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. ఏసమ్మ తడిబట్టలో చుట్టిన మొగ్గలను చాటలో పోసి కాడలు తుంచింది. కోడలి రవిక ముడి విప్పి, పూలు గుప్పెడు గుప్పెడు తీసుకుని రొమ్ముల మీద పరిచింది. పైన పాత పంచె ముక్క వేసి వీపు వెనక బిగించి కట్టింది. చల్లదనానికి ఎలీషబా ఒళ్ళు ఒకసారి జలదరించింది.

"పూట పూటకీ పూలు మారుస్తా ఉంటే పాలు వెనక్కి పోతాయి."

"వెనక్కంటే యాడికి పోతాయత్తా?"

ముడి వేస్తున్న ఏసమ్మ చేతులు ఆగిపోయాయి. బయట వసారాలో ఏబేలు ఉలికి పదును పెడుతున్నాడు. రాతి మీద ఇనుము రాసుకునే చప్పుడు కూడా అప్పుడే ఆగింది. కాసేపటికి ఏసమ్మ ముడి గట్టిగా లాగి, కొంగుతో ముక్కు తుడుచుకుని, పొయ్యి దగ్గరికి పోయింది. 

ఇల్లంతా మల్లెల వాసన. బిడ్డ పోయిన తర్వాత ఇంట్లో మిగిలిన పాలకంపు, ఉగ్గు ఆముదపు వాసన ఆ పూల కింద అణిగిపోయాయి. ఆ వాసనల కోసమే ఎలీషబా రోజూ మూలనున్న బొంత ముట్టుకునేది. ఇప్పుడు ముట్టుకున్నా మల్లెల వాసనే తగులుతోంది.

మర్నాడు తెల్లవారుతుండగా, ఊరికి ఎడంగా ఉండే పాలెం మొదట్లో ఉన్న కానుగ చెట్టు కింద ఒక ముసలామె నిలబడి ఉంది. నీళ్ళకు పోతున్న ఆడవాళ్ళను "ఏబేలు పెండ్లాం ఇల్లు యాది?" అని అడుగుతోంది. ఆమె ఎవరో అందరికీ తెలుసు. పలకల గనిలో మేస్త్రీగా ఉన్న ఓబులయ్య తల్లి, నాగేంద్రమ్మ. గొర్రెలున్న ఇంటి మనిషి. గొర్రెకు కాలు విరిగినా, పిల్లకు కడుపు నొచ్చినా ఆకో వేరో నూరి ఇవ్వడం ఆమెకు అలవాటు. కానీ ఆమె పాలెంలోకి రావడం ఎవరూ చూడలేదు.

ఒక చేతిలో మోదుగాకు దొప్ప, దాని నిండా తెల్లటి నందివర్ధనం పూలు, మంచు తడి ఆరకుండా పైన ఇంకో ఆకు. రెండో చేతిలో చిన్న రాతి కల్వం. నడుముకు చెక్కిన గుడ్డలో ఏదో మూట.

ఏబేలు ఎదురుపోయాడు. "ఏందవ్వా, ఇంత పొద్దున?"

"మా వాని కండ్లు చూసినావు గదా నాయనా. బండ పగలగొట్టినప్పుడు పొడి కొట్టింది. ఆస్పత్రిలో డాక్టరు నలుసులు తీసినాడు, చుక్కలిచ్చినాడు. వేస్తనే ఉండాం. మంట మాత్రం పోలే. వెలుతురు చూడలేక చీకటింట్లో గోడకు తిరిగి పడుకోనుండాడు." ఆమె దొప్పను ఇంకో చేతికి మార్చుకుంది. "నందివర్ధనం పూలు చనుబాలతో నూరి పోస్తే సలవ చేస్తాది. మా అమ్మ చేసేది, నేనూ చేసినా. తొలిచూలు మగబిడ్డను కన్న తల్లి పాలు కావాల. మా బజారులో బాలింత ఒక్కతే ఉంటే పుట్టింటికి పొదిలి పోయింది."

"పాలెంలో మగ్దలీనమ్మ ఉంది గదా. దానికీ మగబిడ్డే."

"తాగే బిడ్డ నోటికాడిది అడగకూడదు నాయనా. మీ ఇంట్లో అయితే…" అని ఆగిపోయింది.

ఏబేలు మొహం నల్లబడింది. "మా ఇంట్లో అయితే తాగేటోడు లేడు. అంతే గదా అవ్వా?"

ఆమె తల వంచుకుంది.

"ఎవురికి అడుగుతన్నావో తెలుసా నువ్వు? మా బిడ్డ ఎండలో గుక్కబట్టి ఏడుస్తంటే, ‘గంట కొట్టిందాక లేసేది లేదు’ అని దీన్ని వరసలో కూసోబెట్టినోడికి. జొరం తగిలినాక కూడా అదే మాట అన్నోడికి."

"అన్నాడు" అంది నాగేంద్రమ్మ. "నా కొడుకే అన్నాడు. నేను కాదన్నానా నాయనా? అన్నాడని తెలిసే వచ్చినా."

 ఆమె పోట్లాటకు వచ్చి ఉంటే ఏబేలుకు తేలికగా ఉండేది.

గడపలో నిలబడిన ఎలీషబా అంతా విన్నది. "పాలు నాయి" అంది. "నన్నడుగవ్వా."

"ఎలీషా!" అన్నాడు ఏబేలు.

"నువ్వు పనికి పో. నీ దగ్గరికి ఎవురూ రాలేదు గదా, నా దగ్గరికి వచ్చినారు."

లోపలికి పోయి, గోడ వైపు తిరిగి, వీపు వెనక ముడి విప్పుకుంది. మల్లెపూలు వడలి గోధుమరంగు తిరిగాయి. నేల మీద రాలాయి. ఏసమ్మ చూస్తూనే ఉంది. "కట్టిందంతా దండగ. ఇప్పుడు మళ్ళీ ఊరతాయి" అంది గొణుగుతూ.  ఎలీషబా బయటికి వచ్చి పాత్ర ఇమ్మని చెయ్యి చాపింది.

నాగేంద్రమ్మ నడుము దగ్గర మూట విప్పింది. అందులో ఉన్నది ఒక ఇత్తడి ఉగ్గుగిన్నె. ముక్కు దగ్గర అరిగి సొట్టపోయి ఉంది. "వానిదే. పసోడుగా ఉన్నప్పుడు దీంతోనే పోసేదాన్ని" అంది. అని, ఎలీషబా చేతికి ఇవ్వకుండా గడప బయట నాపరాయి మీద పెట్టి ఒక అడుగు వెనక్కి జరిగింది.

ఎలీషబా గిన్నె తీసుకుని లోపలికి పోయింది. మొదట నొప్పి. తర్వాత దారి దొరికినట్టు సన్నటి ధారలు గిన్నె అంచుకు కొట్టుకుని జారాయి. ఆ జివ్వుమనే లాగుడు వీపు నుంచి మొదలై చంకల మీదుగా ముందుకు వచ్చేసరికి ఆమె కళ్ళు మూతలు పడ్డాయి. తాగేటప్పుడు తన బిడ్డ రవిక అంచు పిడికిట్లో పట్టుకునేవాడు. విడిపిస్తే విడిచేవాడు కాదు. ఇప్పుడు కూడా రవిక అంచు ఎవరో పట్టుకుని ఉన్నట్టే అనిపించి, కదిలితే విడుస్తాడేమోనని గిన్నె నిండిపోయినా అట్లే కూర్చుంది.

గిన్నె తెచ్చి నాపరాయి మీద పెట్టి తను పక్కకు జరిగింది. నాగేంద్రమ్మ కొంగు చివరతో గిన్నె పట్టుకుంది. కానుగ చెట్టు కిందికి పోయి కూర్చుని, పూల తొడిమలు గిల్లి పారేసి, తెల్లటి రేకులు మాత్రం కల్వంలో వేసింది. కొద్దికొద్దిగా పాలు వంచుతూ మెత్తగా నూరింది. పలచటి ఉతికిన గుడ్డలో పోసి గిన్నెలోకి పిండింది. పోతూ పోతూ వెనక్కి వచ్చి, గొంతు తగ్గించి అంది:

"ఎవురి పాలని వానికి చెప్పను. మా బజారు కోడలి పాలని చెప్తా. నువ్వు కూడా…"

"నేనెందుకు చెప్తానవ్వా."

"మాటేనా?"

"మాటే."

ఆ రోజు గనిలో మేస్త్రీ లేడు. ఉలులు పట్టిన మగవాళ్ళు గొయ్యిలో బండలను పొరలు పొరలుగా విడదీసి పైకి అందిస్తున్నారు. పైన తాటాకు కొట్టం కింద ఆడవాళ్ళు వరసలుగా కూర్చుని, ఒక్కో పలకను ఒళ్ళో రాతి మీద పెట్టుకుని, ఇనుప పట్టీతో గీకి నునుపు చేస్తున్నారు. పట్టీ పోయిన చోటల్లా బూడిదరంగు పొడి లేస్తుంది. కనురెప్పల మీద, చెవుల్లో, చనుమొనల మీద కూడా అదే పొడి. గాలి తిరిగితే కొట్టమంతా దగ్గుతుంది. అక్కడ కళ్ళు ఎర్రగా లేని ఆడది లేదు. సాయంత్రం తొట్టి దగ్గర నీళ్ళు చల్లుకుని, రెప్పలు నులుముకుని ఇళ్ళకు పోవడమే. పువ్వు తెచ్చి పిండినవాళ్ళు ఎవరూ లేరు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలం అది. ఊరూరా కొత్త బడులు తెరుస్తారని, పలకలకు ఎన్నడూ లేనంత గిరాకీ అని చెప్పుకుంటున్నారు. బడులు తెరిచేలోగా సరుకంతా రైలు ఎక్కాలి.

అయినా మేస్త్రీ లేని కొట్టంలో ఊపిరి ఆడింది. తుమ్మకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో కొడుకు కదిలితే మగ్దలీనమ్మ లేచి పోయి పాలిచ్చి వచ్చేది. ఎవరూ అడ్డుపెట్టలేదు. ఆమె లేచినప్పుడల్లా ఎలీషబా తల వంచుకుని పలకను మరింత గట్టిగా గీకేది. ఒకసారి పట్టీ జారి పలక అంచు పెళుక్కుమని విరిగింది. ఆమె పక్కన కూర్చున్నవాళ్ళు చూడనట్టు ఊరుకున్నారు.

నాగేంద్రమ్మ ప్రతి పొద్దునా వచ్చేది. మొదట కానుగ చెట్టు కింద నూరుకున్న మనిషి, పాలు వెచ్చదనం పోకముందే పూలలో కలవాలని చెప్పి ఇంటి ముందు నాపరాయి మీదికి వచ్చింది. తర్వాత ఎండ పడుతోందని వసారాలోకి జరిగింది. గిన్నెను రాయి మీద పెట్టడం మానేసి ఎప్పుడు చేతికి ఇవ్వడం మొదలుపెట్టిందో ఇద్దరూ గమనించలేదు. ఏసమ్మ గమనించింది. ఏబేలు మాత్రం ఆమె వచ్చే వేళకు ముందే పనిముట్లు భుజాన వేసుకుని వెళ్ళిపోయేవాడు.

ఎలీషబా కోడి కూయకముందే లేవడం మొదలుపెట్టింది. లేచి వాకిలి ఊడ్చి, మొహం కడుక్కుని, పాలెం మొదటి వైపు చూస్తూ కూర్చునేది. రాత్రంతా రొమ్ములు బరువెక్కి సలిపినా ఆ సలుపు ఆమెకు ఇష్టంగానే ఉండేది. ముసలామె గిన్నె ఇచ్చిన తర్వాత లోపల గోడ వైపు తిరిగి కూర్చునే ఆ కాస్త సేపే రోజు మొత్తంలో ఆమెది. ఆ సేపు వాడు వచ్చి పోయేవాడు.

"ఏం పేరు పెట్టుకున్నారు?" అని ఒకరోజు నూరుతూ నూరుతూ అడిగింది నాగేంద్రమ్మ.

బిడ్డ పోయిన తర్వాత వాడి పేరు అడిగినవాళ్ళు లేరు. తెలిసినవాళ్ళు పలకడం మానేశారు, తెలియనివాళ్ళకు అడిగే పని లేదు.

"గిద్యోను" అంది ఎలీషబా. 

"గిద్… గిద్దోను. ఏందో తల్లీ, నాకు నోరు తిరగదు."

"గిద్యోను."

"గిద్యోను" అంది ముసలామె మెల్లగా. నూరే రాయి ఆపి ఇంకోసారి అని చూసుకుంది. "ఎవురి పోలిక?"

"వాళ్ళ నాయన పోలికే. చెవులు మాత్రం నాయి."

నాగేంద్రమ్మ తల ఎత్తి ఎలీషబా చెవుల వైపు చూసింది. చూస్తూ చూస్తూ కళ్ళ దగ్గర ఆగింది. "నీ కండ్లేంది ఇట్లుండాయి? చింతనిప్పుల మాదిరి."

"పొడికి. అందరివీ ఇట్లే ఉంటాయి."

"పడుకో ఈడ."

"పనికి పొద్దుపోతాదవ్వా."

"పడుకోమంటే."

ఎలీషబా వసారాలో వెల్లకిలా పడుకుంది. ముసలామె దొప్పలో మిగిలిన పూలలో మంచివి ఏరి, మూసిన రెప్పల మీద పొరలు పొరలుగా పేర్చి, పైన తడిగుడ్డ వేసింది. తన వేళ్ళతో ఆ గుడ్డను కణతల దగ్గర అదిమి పట్టుకుంది. ఆ చల్లదనం రెప్పల్లోంచి లోపలికి దిగింది. పొడి, ఎండ, పలక గీకే రొద అన్నీ దూరం పోయాయి. మిగిలిన నిశ్శబ్దంలో బిడ్డ బరువు కుడి మోచేతి మీదికి వచ్చింది. అచ్చం వాడి బరువే. ఎలీషబా మోచెయ్యి కొద్దిగా వంచింది. పూల కిందినుంచి నీళ్ళు చెవుల వైపు కారాయి. ముసలామె గుడ్డతో తుడిచింది. "పోనీ, పోనీ. దాంతోపాటు పొడి కూడా పోతాది" అంది.

ఆస్పత్రి చుక్కల వల్లనో, పూల రసం వల్లనో, ఊరికే పడుకోవడం వల్లనో, ఓబులయ్య కళ్ళు తేటపడ్డాయి. తల్లి అన్నింటికీ దండం పెట్టుకుంది.

"నిన్న సందేళ వాకిట్లోకి వచ్చి గొర్రెల్ని చూసినాడు. ఇంక రేపటినుంచి నీకు శ్రమ లేదు బిడ్డా" అని చెప్పిందామె, ఆ పొద్దున గిన్నె కడిగి గుడ్డలో చుట్టుకుంటూ.

ఎలీషబా గడప పట్టుకుని నిలబడింది. "ఎరుపు పూర్తిగా పోయిందా?"

"పోయినట్టే."

"మూలల్లో ఏమన్నా ఉంటాదేమో చూడవ్వా. సగంలో ఆపితే మళ్ళీ తిరగబెడతాది. ఇంకొన్నాళ్ళు పోస్తేనే మంచిది. నాకేం శ్రమ లేదు. నేనే తెస్తా కావాలంటే, మీ ఊరి మొదటికి."

నాగేంద్రమ్మ ఆమె మొహంలోకి చూసింది. మందు గురించి కాదని తెలిసింది. మూట నడుముకు చెక్కుకుని, కొంచెం తడబడి, ఎలీషబా మోచేతిని పట్టుకుని వదిలింది. "ఎన్నాళ్ళని పిండుకుంటావు తల్లీ. ఒళ్ళు ఎండిపోతాది" అని, వెనక్కి చూడకుండా నడిచింది.

మర్నాడు కూడా ఎలీషబా కోడి కూయకముందే లేచింది. పొద్దెక్కేదాకా వాకిట్లో కూర్చుంది. ఏసమ్మ వచ్చి గంజి ముంత చేతిలో పెడితేగాని కదల్లేదు.

ఓబులయ్య పనిలోకి వచ్చేసరికి సరుకు వెనకబడి ఉంది. తలకు తుండుగుడ్డ కట్టుకుని, ఎండకు రెప్పలు చికిలించుకుంటూ, వరసల మధ్య తిరిగాడు. ఎవరెవరు ఎన్ని పలకలు గీకారో చూసి మొహం చిట్లించాడు. "నేను లేని నాలుగు పొద్దులూ తిరనాళ్ళ మాదిరి ఉన్నట్టుండారు. ఇంక కుదరదు. బడులు తెరిచినాక పలకలు పంపితే దేనికి? గంట కొట్టిందాక ఒక్కరు కూడా వరస విడిచేది లేదు" అన్నాడు. చెడ్డవాడిలా అరవలేదు. పై వాళ్ళు తనను అడుగుతారన్న కంగారే ఆ గొంతులో ఎక్కువ వినబడింది.

ఎండ నడినెత్తికి రాకముందే తుమ్మ నీడ జరిగిపోయింది. ఉయ్యాల మీదికి ఎండ పాకింది. మగ్దలీనమ్మ కొడుకు మొదట కుయ్ కుయ్ మన్నాడు, తర్వాత గొంతెత్తాడు. మగ్దలీనమ్మ పట్టీ కింద పెట్టి సగం లేచింది.

"కూసో" అన్నాడు ఓబులయ్య. "గంట కొట్టనీ."

ఆమె కూర్చుంది. మళ్ళీ పట్టీ తీసుకుంది. చేతులు గీకుతున్నాయి కానీ మెడ ఉయ్యాల వైపే తిరిగి ఉంది. ఏడుపు గుక్క పట్టే దాకా వచ్చింది. గొంతు ఆగి, లోకమంతా ఆగినట్టై, మళ్ళీ ఒక్కసారిగా విడిచాడు.

ఆ విడుపుతో ఎలీషబా రవిక తడిసింది. ఆమె ఏమీ తలచుకోలేదు. వీపు నుంచి మొదలైన లాగుడు ఆమె ప్రమేయం లేకుండానే ముందుకు వచ్చింది, బూడిదరంగు పొడి పట్టిన గుడ్డ మీద రెండు నల్లటి తడి మరకలు పాకాయి. ఒళ్ళో పలకను తీసి పక్కన పెట్టింది. ఇనుప పట్టీని దాని మీద పెట్టింది. లేచింది.

"ఎలీషబా! యాడికి?"

ఆమె వరసలు దాటి ఎండలోకి నడిచింది. ఉయ్యాలలో చేతులు పెట్టి బిడ్డను ఎత్తుకుంది. వీడు వాడికంటే బరువు. తల వెంట్రుకలు గరుకు. భుజానికి ఎత్తుకోగానే ఏడుపు ఆపి, ముక్కు ఎగబీలుస్తూ, మొహాన్ని ఆమె రవిక వైపు తిప్పాడు. పాల వాసన తెలిసింది వాడికి.

తిరిగి వచ్చేసరికి కొట్టం అంచున ఓబులయ్య అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఏంది నీ కత? వాడు నీ బిడ్డా?"

పట్టీల చప్పుడు మొత్తం ఆగింది. గొయ్యిలో ఉలుల మోత మాత్రం వినపడుతోంది.

"కాదు" అంది ఎలీషబా.

"మరి? గంట కొట్టినాక వాని తల్లే పోతాది గదా. ఎవురికి వాళ్ళు లేస్తే నేనేం చెప్పుకోవాల?"

నాగేంద్రమ్మకు ఇచ్చిన మాట ఆమెకు గుర్తుంది. గుర్తుండగానే నోరు తెరిచింది.

"మీ కంట్లో పాలు పోసేటప్పుడు నేను గంట అడగలే మేస్త్రీ."

"ఏం పాలు?"

"మీయమ్మ నందివర్ధనం పూలతో నూరింది. మీ బజారు కోడలివి కావు. నావి. నా కొడుకు తాగాల్సినవి."

ఓబులయ్య చెయ్యి పైకి లేచింది. కొడతాడనుకుని ఒకామె అయ్యో అంది. ఆ చెయ్యి అతని కంటి దాకా పోయి, రెప్పకు తగలకుండా మధ్యలో నిలిచింది.  అతని చూపు ఎలీషబా రవిక మీది తడి మీద పడి, వెంటనే నేలకు దిగింది. పక్కకు జరిగాడు.

ఎలీషబా వరసలోకి వచ్చి మగ్దలీనమ్మ ముందు బిడ్డను చాపింది. మగ్దలీనమ్మ అందుకోబోయి ఆగింది. తడి మరకలు చూసింది. కొడుకు మొహం ఎటు తిరిగి ఉందో చూసింది.

"నువ్వే ఇయ్యక్కా" అంది చిన్నగా. "నాయి వానికి చాలడంలే గదా. నువ్వే ఇయ్యి."

బిడ్డ పిడికిలి ఎలీషబా రవిక అంచు కోసం వెతుకుతోంది. దొరికింది. పట్టుకున్నాడు. ఎలీషబా ఆ పిడికిలి వైపు చూసింది. చిన్న చిన్న వేళ్ళు, పొట్టి గోళ్ళు, మణికట్టు దగ్గర మడత. అన్నీ వేరే. ఒక్కొక్క వేలే మెల్లగా విడిపించింది. వీడు ఇట్టే విడిచాడు.

"వాడు పిలిచింది నిన్ను మగ్దలీనా" అని, తల్లి ఒళ్ళో పెట్టేసింది.

చేతులు ఖాళీ అయ్యాక వాటినేం చేయాలో ఆమెకు కాసేపు తెలియలేదు. తర్వాత కూర్చుని పలక తీసుకుంది.

ఆ సాయంత్రం ఏబేలు పొయ్యి దగ్గరికి వచ్చి చాలాసేపు కూర్చున్నాడు. గొయ్యిలో ఉన్నవాళ్ళకు కూడా సంగతి చేరింది. "రేపు పనికి రావద్దంటారేమో" అన్నాడు.

"అంటే అననీ."

"భయపడి చెప్పడంలే. బాగానే అన్నావు." చితుకు ఒకటి విరిచి మంటలో వేశాడు. "ముసల్దానికి మాటిచ్చినావు గదా, అది ఒక్కటే."

"ఇచ్చినా" అంది ఎలీషబా.  ఆమె అన్నం సగంలో వదిలేసింది.

పొద్దున్నే నాగేంద్రమ్మ వచ్చింది. చేతిలో దొప్ప లేదు, కల్వం లేదు. వసారా దాకా రాకుండా నాపరాయి మీద కూర్చుంది. ఎలీషబా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"చెప్పినావంట."

"చెప్పినానవ్వా. మాట తప్పినా. తప్పే."

ముసలామె తప్పు కాదనలేదు. మోకాళ్ళు రాసుకుంది.

"నిన్న వాడు ఇంటికొస్తానే బావి కాడికి పోయి తలకు పోసుకున్నాడు. చేదల మీద చేదలు. నాకర్థమైంది, నువ్వు చెప్పినావని. పోయి నిలబడి చూసినా. నీళ్ళు పోసుకునేటప్పుడల్లా కండ్లు గట్టిగా మూసుకున్నాడు. మొహం పక్కకు తిప్పి పోసుకున్నాడు. ఒళ్ళంతా తుడుచుకున్నాడు గాని, కండ్ల మీదికి గుడ్డ పోలే." ఆమె తన కళ్ళు కొంగుతో ఒత్తుకుంది. "నాతో మాట్లాడ్డంలే. పెట్టిన అన్నం మాత్రం తిన్నాడు."

"నన్ను పనికి వద్దన్నాడా?"

"ఏమీ అనలే. నిన్నూ అనలే, నన్నూ అనలే."

లేచి నిలబడింది. వెళ్ళబోతూ, ఎలీషబా మొహాన్ని గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి కళ్ళు చూసింది. "మా బావి కాడ నందివర్ధనం చెట్టు నిండా పూస్తాండాది. కోసి పంపేటోళ్ళు లేరు. నువ్వే రా" అంది. ముందు వాకిలిలోంచి రావాలో, పెరటి దారిన రావాలో ఆమె చెప్పలేదు. ఎలీషబా అడగలేదు.

పని నుంచి ఎవరినీ తీసేయలేదు. కొత్త కట్టడి ఏదీ చెప్పలేదు, పాతది ఎత్తేసినట్టు కూడా చెప్పలేదు. ఉయ్యాలలో బిడ్డ ఏడుపు వినపడితే ఓబులయ్య తుండుగుడ్డ భుజాన వేసుకుని గొయ్యి గట్టు దాకా పోయేవాడు. కొట్టానికి వీపు పెట్టి, కింద బండలు విడదీసే వాళ్ళను చూస్తూ నిలబడేవాడు. మగ్దలీనమ్మ పోయి, బిడ్డకు కడుపు నింపి, వచ్చి కూర్చున్న తర్వాతే వెనక్కి తిరిగేవాడు. ఎలీషబాతో సూటిగా మాట్లాడేవాడు కాదు. ఆమె గీకిన పలకలు లెక్కకు వచ్చినప్పుడు, మిగతావాళ్ళవి తీసుకున్నట్టే తీసుకునేవాడు.

పొద్దున లేస్తే రొమ్ములు అంత బరువుగా ఉండడం లేదని ఎలీషబాకు తెలుస్తూనే ఉంది. మల్లెపూలు కట్టలేదు. ఏసమ్మ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. తొలకరి మబ్బులు నల్లమల మీద కనపడుతున్న రోజుల్లో ఒక తెల్లవారుజామున లేచి కూర్చుని రవిక తడిమి చూసుకుంది. పొడిగా ఉంది. రెండో వైపు తడిమింది. పొడిగానే ఉంది. చీకట్లో గోడ వైపు తిరిగి, చెయ్యి అక్కడే పెట్టుకుని కూర్చుంది. ఏబేలుకు మెలకువ వచ్చి "ఏంది ఎలీషా?" అన్నాడు. "ఏం లేదు" అంది. అతను లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ తెల్లారేదాకా అట్లే కూర్చున్నారు.

ఆ రోజు గాలి ఎక్కువగా ఉంది. కొట్టమంతా పొడి. అందరూ కొంగులు ముక్కులకు చుట్టుకుని తలలు వంచి గీకుతున్నారు. గొయ్యిలో సమ్మెట దెబ్బలు, తాటాకుల గలగల. ఎలీషబా చేతిలో పట్టీ ఆగింది. తల ఎత్తింది. పక్కన మగ్దలీనమ్మ ఇంకా గీకుతూనే ఉంది. ఆమెకేమీ వినపడలేదు.

"మగ్దలీనా" అంది ఎలీషబా. "వాడు లేసినాడు. పో."

మగ్దలీనమ్మ చెవి ఒగ్గి, అప్పటికి విని, గబగబా లేచింది. గట్టు మీద ఓబులయ్య అటు తిరిగి నిలబడ్డాడు. గాలికి ఏడుపు కాసేపు వినపడుతోంది, కాసేపు వినపడడం లేదు. అది పూర్తిగా ఆగేదాకా ఎలీషబా చేతిలో ఇనుప పట్టీ కదల్లేదు.